డబ్లిన్ నగరంలో మన గంజాం విద్యార్థి



మొన్నొక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ చాపలు చుడుతుండగా ఒక తల్లి ఫోను పట్టుకుని మా దగ్గరకు వచ్చింది. ఆమె కుమారుడు కిందటి సెప్టెంబరులో పై చదువుకని ఐర్లండు దేశంలోని డబ్లిన్ నగరానికి వెళ్ళాడు. "అయ్యగారూ, మా గుంటడు పంపిన ఫొటోలు సూడండి" అంది. చూశాము. దావీదు వాయించిన సితారాను పక్కకు పడుకోబెట్టినట్టు ఒక తెల్లటి వంతెన. నడివీధిలో ఆకాశంలోకి లేచిన ఉక్కు సూది. ఒక పెద్ద రాతి మందిరం, దాని ముందు పచ్చగడ్డి. అన్నిటిలోనూ అదే జాకెట్టు, అదే నవ్వు.

"బావున్నాడు కదమ్మా" అన్నాము.

"ఫొటోలో బావున్నాడండీ. ఏటి తింతన్నాడో, ఎక్కడ తొంగుంతన్నాడో సెప్పడు. అడిగితే ఇంకో ఫొటో ఎడతాడు."

ఆమెకు ఏమి చెప్పాలో మాకు తోచలేదు. ఎకరం భూమి తాకట్టు పెట్టి పంపిన కుటుంబం అది. ప్రార్థన చేసి పంపించాము. ఆ రాత్రి పడుకున్నాక, నూరేళ్ళ పైబడి అదే నగరానికి మన ప్రాంతం నుండి వెళ్ళిన ఇంకొక విద్యార్థి మాకు గుర్తుకు వచ్చారు. ఆయన కథ ఈ వారం మీకు చెప్పాలనిపించింది.

ఆయన వరాహగిరి వేంకటగిరి గారు. పెద్దవారికి వి.వి. గిరి అంటే వెంటనే తెలుస్తుంది, మన దేశానికి నాలుగో రాష్ట్రపతి. పిల్లలకైతే పోటీ పరీక్షలలో ఒక మార్కు ప్రశ్న. 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. బరంపురం ఇప్పుడు ఒడిశాలో ఉంది గనుక పరాయి ఊరనుకుంటాము. అప్పుడది మద్రాసు రాజధానిలో గంజాం జిల్లా. దొరలు చికాకోల్ అని పలికిన మన శ్రీకాకుళం కూడా ఆ జిల్లాలోనిదే. 1936లో ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు మధ్యలో గీత పడింది. ఆ గీతను ఇచ్ఛాపురం వారు ఇప్పటికీ అంతగా పట్టించుకోరు, ఆసుపత్రికైనా పెళ్ళి బట్టలకైనా బరంపురమే పోతారు. కాబట్టి గిరి గారు మన జిల్లా కుర్రవాడే అంటే తప్పు కాదు.

తండ్రి జోగయ్య పంతులు గారు వకీలు, కాంగ్రెసు మనిషి. కుమారుడు బరంపురం ఖల్లికోట కళాశాలలో చదివి, 1913లో, పందొమ్మిదేళ్ళ వయసున ఓడ ఎక్కారు. మన వకీళ్ళ పిల్లలు సాధారణంగా లండను పోయేవారు. కానీ 1909లో మదన్‌లాల్ ధింగ్రా లండనులో కర్జన్ వైలీ అనే అధికారిని కాల్చి చంపిన తరువాత అక్కడ భారత విద్యార్థి ఎవరు కనిపించినా పోలీసులకు అనుమానమే. ఐర్లండు కూడా అదే రాజు కిందిదే, అక్కడ బారిస్టరు అయినా ఇక్కడి కోర్టులో నిలబడవచ్చు. పైగా ఆ దేశం వారు కూడా మనలాగే మా పరిపాలన మాకు కావాలని అడుగుతున్నవారు. గిరి గారు డబ్లిన్‌లో రెండు చోట్ల చేరారు: న్యాయశాస్త్రానికి కింగ్స్ ఇన్స్, దానితోపాటు యూనివర్సిటీ కాలేజీ. బారిస్టరు కావాలంటే ఆ కాలేజీలో ఒక ఏడు చదవడం తప్పనిసరి. 1914-15లో అలా చదివిన మొదటి భారత విద్యార్థుల జట్టు పదమూడు మంది, అందులో ఆయన ఒకరు. 1917 నాటికి ఆ కాలేజీలో చదివిన మనవారు యాభై మంది అయ్యారు.

ఇక ఆ నగరం సంగతి. చూడటానికి వెళ్ళిన వానికి డబ్లిన్‌లో కొదువ లేదు. లిఫీ అనే నది ఊరి నడిమధ్యన పారుతుంది. ట్రినిటీ కళాశాలలో కెల్స్ గ్రంథం అని ఒకటి ఉన్నది. సుమారు 1,200 సంవత్సరాల క్రితం సన్యాసులు దూడ చర్మం మీద చేతితో రాసిన నాలుగు సువార్తలు, లాటిను భాషలో. ఒక్కో పేజీలో మొదటి అక్షరాన్ని లతలతో, పక్షులతో, పిల్లులతో ఎంత సూక్ష్మంగా అల్లారంటే భూతద్దం పెట్టి చూడాలి. అచ్చు యంత్రం లేని రోజుల్లో ఒక సువార్త కావాలంటే ఎన్ని దూడలు, ఎన్ని నెలలు, ఎన్ని కళ్ళు అరిగిపోవాలో ఆలోచించండి. మనం ఫోనులో వేలితో తోసి తోసి చదువుతున్నాము.

ఇంకొకటి మన పాటల వారి కోసం చెబుతాము. పట్నం సంఘాలలో క్వయరు వారు క్రిస్మస్‌కు పాడే హల్లెలూయ కోరస్ ఉంది కదా, అది హాండెల్ గారి మెస్సయా అనే పెద్ద సంగీత రచనలోనిది. ఆ రచన లోకానికి మొదటిసారి వినబడింది లండనులో కాదు, డబ్లిన్‌లో. 1742 ఏప్రిల్ 13న ఫిషాంబిల్ వీధిలోని ఒక సంగీతశాలలో. సుమారు 700 మంది వచ్చారు. చోటు చాలదని ముందే పత్రికలో ప్రకటించారట, ఆడవారు పావడాల కింద వెదురు చుట్ల వంటి గుండ్రటి చట్రాలు తొడుక్కోవద్దని, మగవారు కత్తులు తేవద్దని! వచ్చిన డబ్బు రెండు ఆసుపత్రులకూ, అప్పు తీర్చలేక చెరసాలలో ఉన్నవారికీ ఇచ్చారు. ఆ డబ్బుతో 142 మంది బయటికి వచ్చారు. మేము సెమినరీలో ఉండగా సంగీతం చెప్పిన మాస్టారు ఈ మాట చెప్పారు. హల్లెలూయ పాడిన ప్రతిసారీ మాకు ఆ 142 మంది జ్ఞాపకం వస్తారు. అప్పు అంటే ఏమిటో తెలిసిన ఊళ్ళవాళ్ళము కదా మనము.

నాటకాల కోసం అబ్బే థియేటరు ఉంది. రవీంద్రనాథ్ ఠాగూరు రాసిన పోస్టాఫీసు నాటకాన్ని అక్కడ 1913 మే నెలలో ఆడారు, సరిగ్గా గిరి గారు డబ్లిన్‌లో చేరిన ఏడు. ప్రధాన వీధి పేరు అప్పుడు శాక్‌విల్ వీధి, ఇప్పుడు ఓకానెల్ వీధి. వీధి మధ్య నెల్సన్ సేనాని స్తంభం. డబ్బు కడితే లోపలి మెట్లు ఎక్కి నగరమంతా చూడవచ్చు. ఆ స్తంభాన్ని 1966లో పేల్చివేశారు. మన సంఘం తల్లి ఫోనులో మేము చూసిన ఉక్కు సూది సరిగ్గా ఆ చోటనే నిలబెట్టారు. దాని పక్కనే జనరల్ పోస్టాఫీసు, పెద్ద పెద్ద రాతి స్తంభాల భవనం. దాని సంగతి మళ్ళీ వస్తుంది.

మార్కు సువార్త పన్నెండు, పదమూడు అధ్యాయాలు ఒకసారి పక్కపక్కన చదవండి. ప్రభువు దేవాలయంలో కూర్చుని ఒక బీద విధవరాలు కానుక పెట్టెలో రెండు కాసులు వేయడం చూశారు, శిష్యులను పిలిచి చూపించారు. ఆ వెంటనే బయటికి వస్తుంటే ఒక శిష్యుడు ఈ రాళ్ళు చూడండి, ఈ కట్టడాలు చూడండి అని ఆయనకు చూపించాడు. గలిలయ పల్లెల నుండి పట్నం వచ్చినవాడు పాపం, అతనిని తప్పు పట్టలేము. మేము మొదటిసారి విశాఖపట్నం వెళ్ళినప్పుడు అలాగే మెడ నొప్పి పుట్టేలా చూశాము. కానీ ఇద్దరూ ఒకే రోజు, ఒకే చోట ఉన్నారు. ఒకరు చూసింది ఒకటి, మరొకరు చూసింది ఇంకొకటి.

గిరి గారు చదివిన కింగ్స్ ఇన్స్ చాలా గొప్ప కట్టడం. అక్కడొక వింత నియమం ఉంది. బారిస్టరు కావాలనుకున్న విద్యార్థి పరీక్షలు రాస్తే చాలదు, ఆ సంస్థ భోజనశాలలో పెద్దలతో కూర్చుని ఇన్ని విందులు తినాలి. మన సెమినరీలో కూడా అలాంటి నియమం ఉంటే బాగుండునని మా తోటి విద్యార్థులు ఎన్నోసార్లు అనుకున్నారు! అది అటుంచండి. ఆ కింగ్స్ ఇన్స్ గ్రంథాలయం హెన్రియెట్టా వీధిలో ఉంది. ఆ వీధి ఒకప్పుడు నగరంలోకెల్లా గొప్పవారి వీధి, పద్దెనిమిదో శతాబ్దంలో బిషప్పులు, ప్రభువులు కట్టుకున్న నాలుగంతస్తుల ఇటుక మేడలు. 1800 తరువాత డబ్లిన్‌లో పార్లమెంటు ఎత్తివేశారు, ప్రభువులు లండను చేరారు. మేడలను గదులు గదులుగా కోసి కూలీలకు అద్దెకిచ్చారు. 1911 జనాభా లెక్కల నాటికి ఆ ఒక్క చిన్న వీధిలో, పదిహేను ఇళ్ళలో 835 మంది ఉన్నారు. పద్నాలుగో నంబరు ఇల్లు ఒక్కదానిలో సుమారు నూరుమంది.

ఇది ఒక వీధి మాత్రమే కాదు. 1914లో ప్రభుత్వం వేసిన విచారణ సంఘం నివేదిక ఇచ్చింది. అలాంటి అద్దె మేడలలో 87,000 మందికి పైగా ఉంటున్నారు. 20,108 కుటుంబాలకు ఒక్కొక్క గదే ఇల్లు. నీళ్ళ కుళాయి పెరట్లో ఒకటి, మరుగు దొడ్డి అందరికీ ఒకటి. పాలరాతి పొయ్యి ముందు, పూల నగిషీ పైకప్పు కింద, తాడు కట్టి దుప్పటి ఆరేసుకుని పదిమంది బతుకుతున్నారు. న్యాయశాస్త్ర గ్రంథాలు చదవడానికి వెళ్ళే విద్యార్థి ఆ గుమ్మాల ముందు నుంచి వెళ్ళాలి. మెట్ల మీద కూర్చున్న పిల్లలను దాటి వెళ్ళాలి.

అదే ఏడు, 1913 ఆగస్టు 26న, డబ్లిన్ ట్రాము కార్మికులు బండ్లు ఎక్కడివక్కడ నిలిపి దిగిపోయారు. ఆ వారం నగరంలో గుర్రాల ప్రదర్శన, ఊరంతా సందర్శకులు. కార్మికుల నాయకుడు జేమ్స్ లార్కిన్. ట్రాముల యజమాని విలియం మార్టిన్ మర్ఫీ. యూనియనులో ఉండము అని సంతకం పెడితేనే పని అన్నారు యజమానులు. పెట్టనివారిని గేటు బయట నిలిపివేశారు. సుమారు ఇరవై వేల మంది పని లేకుండా అయిపోయారు. సెప్టెంబరు 2న చర్చి వీధిలో అద్దె మేడలు రెండు వాటంతట అవే కూలి ఏడుగురు చనిపోయారు. ఇంగ్లండు కార్మిక సంఘాలు సెప్టెంబరు ఆఖరున ఒక ఓడ నిండా తిండి సరుకు పంపాయి. లిబర్టీ హాలు అనే యూనియను ఆఫీసులో గంజి వంటి సూపు కాచి పోశారు. 1914 మొదట్లో ఆకలికి ఓర్వలేక కార్మికులు ఒక్కొక్కరే లొంగి పనికి పోయారు.

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. ఆ ఆకలి రోజుల్లో, సమ్మె తీరేదాకా పిల్లలను ఇంగ్లండులోని కార్మికుల ఇళ్ళకు పంపుదామని కొందరు స్త్రీలు ఏర్పాటు చేశారు. డబ్లిన్ ఆర్చిబిషప్పు వద్దన్నారు. పిల్లలు పరాయి ఇళ్ళలో, ముఖ్యంగా ప్రొటెస్టంటు ఇళ్ళలో, విశ్వాసం పోగొట్టుకుంటారని భయం. గురువులు రేవుకూ రైలు స్టేషనుకూ వెళ్ళి పిల్లలను ఆపారు. చదివినప్పుడు మాకు కోపం వచ్చింది. తరువాత మమ్మల్ని మేము అడిగి చూసుకున్నాము. మన సంఘం పిల్లలకు అన్నం లేని రోజు వచ్చి, వేరే మతం వారు తీసుకుపోయి పెడతామంటే, మేము ముందు పిల్ల కడుపు చూస్తామా, హాజరు పట్టీ చూస్తామా? జవాబు అంత తొందరగా రాలేదు.

యూనివర్సిటీ కాలేజీలో గిరి గారికి ఇద్దరు గురువులు దొరికారు. అర్థశాస్త్రం చెప్పినవారు థామస్ ఫిన్లే, జెసూయిట్ సభకు చెందిన ఫాదరు. ఆయన గది వదిలి పల్లెలు తిరిగి, రైతులు పాలు ఒకచోట పోసి కలిసి అమ్ముకునే సహకార సంఘాలు పెట్టించినవారు. మనకు పాల కేంద్రం, పొదుపు సంఘం ఎలాగో అలాగన్నమాట. ఆంగ్ల సాహిత్యం చెప్పినవారు థామస్ మెక్‌డొనా, యువకుడు, కవి. తరగతిలో పద్యాలు చెబుతూ, బయట ఐరిష్ వాలంటీర్లు అనే దళంలో ఉండేవారు.

భారత విద్యార్థులు ఊరకే ఉండలేదు. దక్షిణాఫ్రికాలో మనవారిని పెట్టే బాధల గురించి గిరి గారూ తోటివారూ కలిసి చిన్న పుస్తకం అచ్చువేశారు. అది పోలీసుల చేతికి చిక్కింది. అప్పటినుండి వీరి వెనుక నిఘా. యుద్ధం మొదలైన రోజుల్లో గిరి గారు లండను వెళ్ళి గాంధీ గారిని కలిశారు. గాయపడినవారికి సేవ చేయడానికి రెడ్‌క్రాసులో చేరమని గాంధీ గారు అడిగితే సరేనన్నారు. తరువాత మనసు ఒప్పుకోలేదు. బ్రిటిషు వారి యుద్ధంలో మనకేమి పని అనిపించింది. గాంధీ గారు ఆ కుర్రవానిని ఆ మాట నుండి విడిచిపెట్టారు, పదిమందికి చెప్పి తక్కువ చేయలేదు కూడా.

1916లో పునరుత్థాన పండుగ ఏప్రిల్ 23న వచ్చింది. మరునాడు సోమవారం సెలవు. పట్నం వారు గుర్రపు పందేలకు పోయారు, సైన్యాధికారులు కూడా పోయారు. ఆ పగటిపూట వాలంటీర్లూ, జేమ్స్ కానలీ నాయకత్వంలోని కార్మిక దళమూ వచ్చి జనరల్ పోస్టాఫీసును పట్టుకున్నారు. పాట్రిక్ పియర్స్ స్తంభాల ముందు నిలబడి ఐర్లండు స్వతంత్ర గణతంత్రమని ప్రకటన చదివారు. లిఫీ నదిలోకి యుద్ధ నౌక వచ్చింది, ఫిరంగులు పేలాయి, శాక్‌విల్ వీధి కాలిపోయింది. అద్దె మేడల పిల్లలు అద్దాలు పగిలిన మిఠాయి అంగళ్ళలోకి దూరి, జీవితంలో ఎన్నడూ తిననివి ఒడినిండా ఎత్తుకుపోయారు. వారం తిరగకుండా, ఏప్రిల్ 29 శనివారం, పియర్స్ లొంగిపోయారు. చనిపోయినవారు సుమారు 485 మంది. సగానికి పైగా ఏ దళంలోనూ లేని మామూలు జనం, వారిలో పిల్లలు కూడా ఉన్నారు.

మే 3న తెల్లవారుజామున కిల్‌మెయినం చెరసాలలో గిరి గారి ఆంగ్ల గురువు మెక్‌డొనాను కాల్చి చంపారు. మే 12న కానలీని. ఆయన కాలికి గాయమై నిలబడలేకపోతే కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు.

కిందటి నెల వరకు నల్లబల్ల ముందు నిలబడి పాఠం చెప్పిన మాస్టారు అలా వెళ్ళిపోతే ఇరవై ఒకటేళ్ళ విద్యార్థికి ఎలా ఉంటుంది? ఆ తిరుగుబాటు సరైనదా కాదా అన్న చర్చలోకి మేము వెళ్ళము. కత్తి పట్టిన పేతురుతో ప్రభువు ఏమన్నారో మనకు తెలుసు. తరువాత గిరి గారు నడిపిన సమ్మెలలో కత్తి లేదు, తుపాకీ లేదు అన్నది మాత్రం చెప్పుకోవాలి.

పోలీసులు భారత విద్యార్థుల గదులు సోదా చేశారు. జూన్ 21న గిరి గారికి బారిస్టరు పట్టా వచ్చింది. సరిగ్గా పదిరోజులకు, జూలై 1న, నెలలోగా దేశం విడిచిపోవాలని నోటీసు వచ్చింది. బి.ఏ. చదువు సగంలో ఆగిపోయింది. ఆయన బరంపురం తిరిగి వచ్చారు.

వచ్చి కొన్నాళ్ళు వకీలుగా పనిచేశారు, కాంగ్రెసులో తిరిగారు, 1922లో సారా దుకాణాల మీద జరిపిన ప్రదర్శనలో అరెస్టు అయ్యారు. కానీ ఆయన చెయ్యి నిలిచిన పని రైల్వే కార్మికులది. ఆ రోజుల్లో మన పలాస, ఆముదాలవలస మీదుగా పోయే రైలు బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీది. పాతవారు ఇప్పటికీ బి.ఎన్.ఆర్. అంటారు. పట్టాలు సరిచేసే గ్యాంగు కూలీలు, బొగ్గు పారవేసేవారు, వర్క్‌షాపు వారు, వీరి సంఘాన్ని ఆయన నిలబెట్టారు. కంపెనీ కార్మికులను తీసివేసినప్పుడు ఆయన నాయకత్వంలో జరిగిన సమ్మె హింస లేకుండా నడిచి, తీసివేసిన వారి హక్కులను కంపెనీ ఒప్పుకునేలా చేసింది. దేశం మొత్తం రైల్వే కార్మికుల ఫెడరేషనుకు ఆయన స్థాపకులలో ఒకరు, పదేళ్ళకు పైగా కార్యదర్శి. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు మన దేశ కార్మికుల తరఫున వెళ్ళారు. మళ్ళీ ఐరోపా ప్రయాణమే గానీ ఈసారి చేతిలో కూలీల కోరికల కాగితాలు.

బొబ్బిలి వారికి ఈ తరువాతి సంగతి తాతలు చెప్పే ఉంటారు. 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజా గారి మీద ఎవరిని నిలబెట్టాలి అని కాంగ్రెసు వెతికింది. ఆ రాజా గారు మామూలు జమీందారు కాదు, మద్రాసు రాజధానికి ముఖ్యమంత్రిగా చేసినవారు. ఆయన సొంత ఊరిలో ఆయన మీద గిరి గారు నిలబడి గెలిచారు. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక శాఖ తీసుకున్నారు. 1952లో మన పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల విషయంలో ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వమే మార్చివేస్తే, అది సరికాదని 1954 ఆగస్టులో మంత్రి పదవి వదులుకున్నారు. కుర్చీ వదలడం ఎంత కష్టమో సంఘ కమిటీ ఎన్నికలు చూసిన మనకు వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఆయన కథలో మాకు మింగుడుపడని ఘట్టం ఒకటి ఉంది. అది కూడా మన గడ్డ మీదే జరిగింది. 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానానికి ఇద్దరు సభ్యులు, ఒకటి జనరల్, ఒకటి గిరిజనులకు కేటాయించినది. ఓట్లు లెక్కపెడితే మొదటి రెండు స్థానాల్లోనూ గిరిజన అభ్యర్థులే వచ్చారు. వారిలో డిప్పల సూరి దొర గారిని జనరల్ స్థానానికి ఎన్నికైనట్టు ప్రకటించారు. కొద్ది ఓట్ల తేడాతో ఓడిన గిరి గారు కోర్టుకు వెళ్ళారు. గిరిజన అభ్యర్థి జనరల్ స్థానం తీసుకోకూడదనీ, సూరి దొర గారు తాను క్షత్రియుడినని చెప్పుకున్నారు గనుక అసలు గిరిజనుడే కాదనీ వాదన. 1959లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. సూరి దొర గారి ఎన్నిక నిలబడింది. కొండమీద పుట్టిన మనిషి ఎక్కువ ఓట్లు తెచ్చుకుని అందరి స్థానంలో కూర్చుంటే, హెన్రియెట్టా వీధి చూసివచ్చిన పెద్దమనిషి అది చెల్లదనడం మాకు ఇప్పటికీ నచ్చదు. ఎంతటి మంచి చూపు ఉన్నవారికైనా తన కుర్చీ అడ్డం వచ్చినచోట కనబడదేమో. సాలూరు, పాలకొండ ఏజెన్సీలో తిరిగేటప్పుడు మాకూ ఎన్నిసార్లు కనబడలేదో.

తరువాత ఆయన గవర్నరు అయ్యారు, ఉప రాష్ట్రపతి అయ్యారు, 1969 నుండి 1974 వరకు రాష్ట్రపతిగా ఉన్నారు. 1975లో భారతరత్న ఇచ్చారు. 1980లో కన్నుమూశారు. ఇవన్నీ పుస్తకాలలో ఉన్నవే.

ఆ కుర్రవాని సంగతికి వస్తాము. అతని అనుమతితోనే రాస్తున్నాము, పేరు మాత్రం చెప్పము. మాకు రాత్రి తొమ్మిదైనప్పుడు అక్కడ సాయంత్రం నాలుగున్నర. ఫోను చేశాము. "అయ్యగారూ, వందనాలండీ" అన్నాడు. చదువు గురించి అడిగాము, చలి గురించి అడిగాము. అన్నిటికీ బాగుందండీ అన్నాడు. అప్పుడు గిరి గారి గురించి, హెన్రియెట్టా వీధి గురించి, పదిహేను ఇళ్ళలో 835 మంది గురించి చెప్పాము. అవతల చాలాసేపు మాట లేదు.

తరువాత చెప్పాడు. నాలుగు మంచాల గదిలో ఎనిమిదిమంది ఉంటున్నారు. విద్యార్థికి కాలేజీ రోజుల్లో వారానికి ఇరవై గంటల పనికే అనుమతి. ఒక హోటలులో రాత్రిపూట గిన్నెలు కడుగుతున్నాడు. తెల్లవారుజామున వచ్చేసరికి పగటి పనివాడు మంచం మీద నుండి లేస్తాడు, ఇతను ఆ వేడి మీదే పడుకుంటాడు. "అద్దెలు అలాగున్నాయండీ, ఎవరి తప్పూ కాదు. అమ్మకి సెప్పకండి అయ్యగారూ, భూమి గురించి బెంగెట్టుకుంటది" అన్నాడు.

మాట ఇవ్వాలా వద్దా? మేము ఇవ్వలేదు. "నువ్వే చెప్పు బాబూ, మేము చెప్పము. కానీ నువ్వు చెప్పేదాకా అడుగుతూ ఉంటాము" అన్నాము. ఆ వీధి ఎక్కడో చూసి రమ్మని కూడా అన్నాము. పద్నాలుగో నంబరు ఇంటిని 2018 నుండి మ్యూజియం చేశారు, అక్కడ బతికిన కూలీల గదులను అలాగే చూపిస్తారు.

రెండు వారాలకు, సెలవు దొరికిన రోజున, ఫొటోలు పంపాడు. ఎర్ర ఇటుకల మేడలు, రాళ్ళు పరిచిన వీధి, చివర తోరణం. జాకెట్టూ నవ్వూ లేవు, తను ఏ ఫొటోలోనూ లేడు. అదే రోజు సాయంత్రం వాళ్ళ అమ్మకు ఇంకొకటి పంపాడట. బుధవారం ఉపవాస ప్రార్థనకు ఆమె ఫోను తెచ్చి పాస్టరమ్మ గారికీ మాకూ చూపించింది. ఇరుకు గది. నాలుగు మంచాలు, గుమ్మం దగ్గర గుట్టగా బూట్లు, కిటికీ చువ్వకు ఆరేసిన తువ్వాళ్ళు.

ఆమె ఏడుస్తుందేమోనని మేము మాటలు వెతుక్కుంటున్నాము. ఆమె ఫోనును దగ్గరగా పెట్టుకుని, వేళ్ళతో పెద్దది చేసి, మూలనున్న మంచాన్ని చూసింది.

"ఆ దుప్పటి నేనెట్టిందేనండీ" అంది. "రెండెట్టాను. రెండోది ఎవలికిచ్చాడో అడగాల."